ముదిమికి నేస్తము



నేడు నేను ముచ్చటింపబోవు విషయము ముసలితనపు కాపురము. కొడుకుల యింట తల్లిదండ్రులుండుట ఎల్లవారు ఎఱిగినదే. దానిని గుఱించి చెప్పుటకు నేనక్కఱలేదు. చిరకాలపు మిత్రులు నలుగురు చేరి, "మన కడపటి దినములు ఒక్క కప్పు క్రింద గడుపుదము" అని యేర్పాటు చేసికొన్నచో నేమగును? అది మంచిదేనా? మంచిదైనచో దానికేమి కావలెను? ఈ ప్రశ్నలకు శాస్త్రములు విప్పి సమాధానము చెప్పబోవుట లేదు. నా మిత్రులతో గూడి నేను పడిన పాట్లను, అరకు కొండలలో ఒక గిరిజన మిత్రుని వలన నేర్చుకొన్న పాఠమును మీకు విన్నవింతును.

నాది కొండల దిగువనున్న శృంగవరపుకోట ప్రాంతము. ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ చదివి, తెలుగు పండితుడనై, ఉద్యోగకాలములో ఇరువదిరెండేండ్లు ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలలో గడపితిని. శృంగవరపుకోట నుండి కనుమదారి పట్టి అనంతగిరి దాటినచో అరకులోయ వచ్చును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తు. వర్షాకాలము పోయిన పిమ్మట వలిసెపూలు పూచి కొండవాలులన్నియు పసుపు పూసినట్లుండును. అట్టిచోట మేము నలుగురము ఉపాధ్యాయులము చేరితిమి: లెక్కల మాస్టారు, డ్రాయింగు మాస్టారు, హిందీ పండితులు, నేను. సాయంకాలము పిల్లలు చోడి అంబలి త్రాగి చదువులకు కూర్చున్న పిమ్మట, వసతిగృహపు అరుగుమీద మేము కూర్చుండెడివారము. "ఉద్యోగములు ముగిసిన పిమ్మట ఇచ్చటనే ఒక యిల్లు కట్టుకొని కలిసియుందము" అనునది మా నిత్యపారాయణము. పది సంవత్సరములకు పైగా ఆ మాటయే చెప్పుకొంటిమి. ఒక్కనాడైనను ఒక కాగితము తీసి లెక్క వేసికొనలేదు. లెక్కల మాస్టారు పక్కననే యుండగా ఇట్లయినది సుమండీ!

ఆ కాలముననే నేను నేస్తరికమును కన్నులార చూచితిని. మన శ్రీకాకుళము, విజయనగరము వైపు పెద్దలకు ఇది క్రొత్త మాట గాదు. పూరీ జగన్నాథుని మహాప్రసాదము సాక్షిగా ఇద్దఱు నేస్తము కట్టుకొందురు. అటుపై ఒకరినొకరు పేరు పెట్టి పిలువరు. "నేస్తమా" అనియే పిలుపు. కులము వేఱైనను అడ్డులేదు. ఒకరి యింట పెండ్లియైనచో రెండవవారు బంధువులవలె పెట్టుపోతలతో వత్తురు. చావు వచ్చినచో ఇంటివారివలె నిలుతురు. కొండలలోను, వాని కావల కొరాపుట్టు ప్రాంతమునను ఈ ఆచారము వేఱు వేఱు పేర్లతో గలదు. వారికి పూరీ ప్రసాదము దొరకనిచోట ఊరిపెద్దల సమక్షమే సాక్షి. గుడ్డలు మార్చుకొని, కూడి భుజించుటయే కట్టుబాటు.

మా పాఠశాల చేరువ పల్లెలో ఒక రైతుండెను. భార్య గతించినది. కొడుకులిద్దఱు కూలిపనికి మైదానమునకు దిగిపోయిరి. ఒక వానకాలమున అతడు జ్వరముతో మంచము పట్టెను. మూడవనాటికి కొండ కావలి యూరి నుండి, మఱియొక తెగకు చెందిన ముసలివాడొకడు గొంగళి భుజమున వేసికొని దిగెను. అతడు ఈతని నేస్తము. అంబలి కాచెను, పసుపు చేను చూచెను, ఆవును తోలెను. "ఎన్నాళ్లుందువు తాతా?" అని నేనడిగితిని. "పని తీరువఱకు" అనెను. ఆ పల్లెలో ఒక్కరును "నీవెవరవు, ఇచ్చట నీకేమి పని?" అని యతనిని అడుగలేదు. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మున్ముందు పనియున్నది. ఆ రైతుతోనే నేనును కొన్నేండ్లకు ఒక ఇటుకల పండుగనాడు నేస్తము కట్టుకొంటిని.

ఉద్యోగవిరమణకు రెండేండ్లుండగా మా కలకు కదలిక వచ్చెను. ఒక మధ్యవర్తి మమ్ము సమీపించి, "అరకులో అరయెకరము చూపెదను. పత్రము గిరిజనుని పేర, అనుభవము మీది" అనెను. మాలో ఇద్దఱికి ఆశ పుట్టినది; నిజము చెప్పవలెనన్న నాకును పుట్టినది. "వృద్ధాప్యమున అడవికి పోవుట వానప్రస్థము గదా, శాస్త్రసమ్మతమే" అని నేను వాదించితిని. నా నేస్తము పేర పత్రము వ్రాయించిన యెడల మోసముండదని తలచి, అతనిని అడిగితిని. అతడు చాలసేపు చుట్ట కాల్చి యిట్లనెను: "నేస్తమా, నేల నా పేరనుండి నీదైనచో, మనము పోయిన తరువాత నీ కొడుకు నా కొడుకును దొంగ యనును, నా కొడుకు నీ కొడుకును దొంగ యనును. మనము కట్టుకొన్నది నేస్తమా, తగవా?"

నాకు సిగ్గు కలిగినది. ఆ రాత్రి చట్టమును గుఱించి తెలిసినవారిని అడిగి తెలిసికొంటిని. ఏజెన్సీ భూమి గిరిజనుల చేయి జాఱకుండ 1917 లోనే మద్రాసు ప్రభుత్వము ఒక చట్టము చేసినది. తరువాత 1959 నాటి మొదటి రెగ్యులేషను, దానిని బిగించిన 1970 నాటి మొదటి రెగ్యులేషను వచ్చినవి. జనులు దీనినే "ఒకటి బై డెబ్బది" చట్టమందురు. షెడ్యూలు ప్రాంతములో భూమిని గిరిజనేతరునకు బదలాయించుట చెల్లదు. ఇతరుని పేర దాచి కొనుట చట్టమును వంచించుటయే. చట్టమెందుకు వచ్చినదో కొండలలో బ్రతికిన నాకు ఒకరు చెప్పనక్కఱలేదు: అప్పునకు, ఉప్పునకు, ఒక గుడ్డకు చేలు చేతులు మారిన కథలు ప్రతి పల్లెలోను వినబడును. పూర్వఋషులు వానప్రస్థమునకు పోయిన అడవిని మనము ఎవరిదియు గానిదని తలతుము. ఈ అడవి ఒకరి యిల్లు. నలుగురు ముసలివారి సుఖము కొఱకు నాలుగు తరముల వారి నేలను అడుగరాదు. కాబట్టి ఆ యాశ విడిచి, కొండ దిగువన లెక్కల మాస్టారి పెంకుటింటిలో కలిసియుండుటకు నిశ్చయించుకొంటిమి.

ఇంటికి వచ్చి ఈ శుభవార్త మా యింటియామెకు చెప్పితిని. ఆమె సాంతము విని, "మీరు నలుగురును మిత్రులు, సరే. హిందీ పండితులవారి భార్యయు నేనును ఎవరికి మిత్రులము? ఆఱుగురకు వంట యెవరు చేయుదురు?" అని యడిగెను. పది సంవత్సరముల మా పారాయణములో ఈ ప్రశ్న ఒక్కమారును రాలేదు. సమాధానము లేక, "చూతములే" అంటిని. ఆ "చూతములే" అను మాటయే మా యేర్పాటున కంతటికిని పునాది యయ్యెను. వెల్ల వేయించి, నీళ్లగొట్టములు మార్పించి, తలా కొంత సొమ్ము పెట్టి గృహప్రవేశము చేసితిమి. ఎవరెంత పెట్టిరో వ్రాసికొనలేదు. మిత్రుల నడుమ లెక్కలేమిటి యని!

అయిదవ నెలలో ఒక రాత్రి డ్రాయింగు మాస్టారు నోరు వంకరపోయి, కుడిచేయి పడిపోయి కూలిపోయిరి. పట్టణములో ఒక ఆసుపత్రికి తీసికొనిపోతిమి. వ్రాతబల్లవద్ద మొదటి ప్రశ్న, "మీరు రోగికి ఏమగుదురు?" అని. "మిత్రులము" అంటిని. "బంధువులెవరైన సంతకము పెట్టవలెను" అనిరి. ఆయన విధురుడు, ఒక్కడే కుమారుడు విదేశమున నుండెను. ఆ కుమారుడు ఫోను ఎత్తునప్పటికి తెల్లవారెను. పక్షవాతమునకు ముందు గంటలే ప్రాణప్రదమని వైద్యులందురు. ప్రాణము దక్కినది, మాట మాత్రము పూర్తిగా తిరిగిరాలేదు. ముప్పదియేండ్లు పిల్లలకు బొమ్మలు నేర్పిన చేయి నేడు గరిటె పట్టుటకు తడబడును. నేను ఎవరిని తప్పుపట్టను. వారికి కావలసినది ఒక కాగితము; అది మావద్ద లేదు. ఆ రాత్రి బల్లమీద కూర్చుండి, కొండపల్లెలో గొంగళితో దిగిన ముసలివానిని తలచుకొంటిని. అచ్చట అతనిని "నీవెవరవు?" అని యెవరును అడుగలేదు; ఏలయన, అతడెవరో ఊరంతయు ముందే సాక్షిగా విన్నది. మేము మా స్నేహమును ఎవరికి చెప్పితిమి?

పెద్దలారా, మా పొరపాటు స్నేహము లేకపోవుట గాదు. స్నేహమునకు సాక్షి లేకపోవుట. మన పురాణములు ఈ మాట ఏనాడో చెప్పినవి. ద్రోణుడును ద్రుపదుడును ఒక్క ఆశ్రమమున పెరిగిరి. రాజునైనచో నా రాజ్యము నీకును భోగ్యమని ద్రుపదుడు బాల్యమున మాట యిచ్చెను. సాక్షి లేదు, హద్దు లేదు. కొడుకునకు పాలు లేక ద్రోణుడు పోయి యడుగగా, రాజునకును పేదకును స్నేహమేమి యని ద్రుపదుడు త్రోసిపుచ్చెను. ఆ పగ రెండు వంశములను కాల్చినది. రామసుగ్రీవుల సఖ్యము చూడుడు. హనుమంతుడు అగ్ని రగిల్చెను; ఇద్దఱును ప్రదక్షిణము చేసిరి; ఎవరెవరికి ఏమి చేయవలెనో అప్పుడే చెప్పుకొనిరి. అట్లు కట్టుకొన్న సఖ్యమును కూడ సుగ్రీవుడు వానకాలమున మఱచెను. లక్ష్మణుడు పోయి జ్ఞాపకము చేయవలసివచ్చెను. అయినను చెప్పుకొన్న మాట యున్నది గనుక జ్ఞాపకము చేయుటకు వీలైనది. ద్రోణునకు ఆ వీలు లేకపోయెను.

మన చట్టము సంగతియు వినుడు. 2007 లో పార్లమెంటు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు ఒక చట్టము చేసినది. పోషింపని కొడుకు మీద, కూతురు మీద తల్లిదండ్రులు ట్రిబ్యునలుకు పోవచ్చును. సంతులేని వృద్ధునకు, అతని ఆస్తి పొందవలసిన బంధువు మీద ఆ హక్కు గలదు. చూచుకొందురన్న షరతుతో ఆస్తి వ్రాసియిచ్చి మోసపోయినచో ఆ పత్రమును రద్దు చేయించుకొనవచ్చును. మేలైన చట్టము. కాని అందు కొడుకున్నాడు, కూతురున్నది, బంధువున్నాడు, మిత్రుడు లేడు. పింఛను సంగతి చూచినను అంతే. మన రాష్ట్రమున వృద్ధాప్యపు పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలైనది; గిరిజనులకు 50 ఏండ్లకే యిత్తురు. నా నేస్తమును పుచ్చుకొనుచున్నాడు. ఉపకారమే. కాని అర్ధరాత్రి మంచినీళ్లందించు చేయి పింఛనుతో రాదు. చట్టము ఇయ్యని దానిని మిత్రులు తమంతట తాము కట్టుకొనవలెను.

డ్రాయింగు మాస్టారు ఇల్లు చేరిన పిమ్మట ఆఱుగురమును, అందఱి పిల్లలును ఒక ఆదివారము కూర్చుండి, ఒక వకీలు సాయముతో మా యేర్పాటును వ్రాసికొంటిమి. ఇట్టి తలంపు మీలో ఎవరికైన నున్నచో పనికివచ్చునని దానిని వివరించుచున్నాను.

మొదటిది ఇల్లు. ఇల్లు లెక్కల మాస్టారిది. ఆయన ముందు గతించినచో పిల్లలు మమ్ము లెమ్మనవచ్చును. కనుక మాలో ప్రతివారికిని బ్రతికినంతకాలము ఆ యింట నివసించు హక్కునిచ్చుచు, అమ్ముటకుగాని తాకట్టు పెట్టుటకుగాని హక్కు లేకుండ పత్రము వ్రాసి రిజిస్టరు చేయించిరి. నూఱు రూపాయలకు మించిన స్థిరాస్తిహక్కు 1908 నాటి చట్టము ప్రకారము రిజిస్టరు కావలెను, తెల్లకాగితము చాలదు. మాలో కడపటివారి తరువాత ఇల్లు ఆయన పిల్లలదే. ఆ పిల్లలును సాక్షులుగా సంతకము చేసిరి. నలుగురు కలిసి కొనుట కంటె ఇది మేలని వకీలు చెప్పెను. కలిసి కొన్నచో ఎవరి వారసులైనను రేపు భాగము పంచుమని యడుగవచ్చును.

రెండవది సొమ్ము. మరమ్మతుకు ఎవరెంత పెట్టిరో వ్రాసితిమి. విడిచిపోవువారికి, లేదా గతించినవారి వారసులకు, వడ్డీ లేకుండ ఏడాదిలో తిరిగి యియ్యవలెను. నెల ఖర్చు సమముగా గాక, పింఛను కొలదిని వేసికొంటిమి. మూల జీతములు వేఱు గనుక సమభాగము న్యాయము గాదు.

మూడవది వంట. మా యింటియామె ప్రశ్నకు సమాధానము ఇచ్చట దొరకినది. ఉదయపు వంటకు జీతమిచ్చి మనిషిని పెట్టితిమి. రాత్రి ఫలహారము వంతులవారీ, మగవారికిని వంతున్నది. నా యుప్మాను గుఱించి ఇచ్చట మాటలాడను. ఆడవారిరువురకును యేర్పాటులో వేఱుగా సంతకముండవలెనని మా యింటియామె పట్టుపట్టెను. వారి భర్తలు ముందు పోయినను వారి నివాసహక్కు చెడదు.

నాలుగవది వ్యాధి. ప్రతివారి పిల్లలును ఒక లేఖ వ్రాసియిచ్చిరి: "మేము వచ్చువఱకు ఈ మిత్రుల మాటయే మా మాట" అని. ఆసుపత్రివారు దీనిని మన్నించి తీరవలెనని చట్టము లేదు. కాని పిల్లల సంతకము చూచినచో సంశయము తగ్గును. కడపటి దశలో యంత్రములతో ప్రాణము నిలుపుట వలదనుకొనువారు, తమ తరఫున చెప్పువారి పేరు ముందే వ్రాసియుంచవచ్చునని సుప్రీంకోర్టు 2018 లో ఒప్పుకొని, 2023 లో ఆ పద్ధతిని సులభము చేసినది. ఇద్దఱు సాక్షులు, నోటరీ గాని గెజిటెడు అధికారి గాని చాలును.

అయిదవది విడిపోవుట. ఎవరైనను మూడునెలలు ముందు చెప్పి, కారణము చెప్పకయే పోవచ్చును. ఇది వ్రాయుట అపశకునమని హిందీ పండితులనిరి. పదునాలుగు నెలలకు వారి కుమార్తెకు కాన్పయి, వారే సతీసమేతముగా వెడలిపోయిరి. సొమ్ము తిరిగియిచ్చితిమి, మనసులు నొవ్వలేదు. నేటికిని పండుగలకు వత్తురు. ఆ షరతు లేకున్నచో ఆ పోకను మేము ద్రోహమనుకొనియుందుము.

ఇక లోకుల మాట. "కొడుకులు వెడలగొట్టిరా?" అని మా వీథిలో అడుగనివారు లేరు. మొదట బాధపడితిమి, పిల్లలు మఱింత బాధపడిరి. ఆదివారపు సభలో వారు కూడ సంతకము చేసినందున వారి సిగ్గు తీరినది. దేశములో 60 ఏండ్లు దాటినవారు 2011 జనాభా లెక్కలకే పది కోట్లు మించిరి. పిల్లలు పనికొఱకు దూరము పోవుట వారి నేరము గాదు. ఇది మన దేశపు చింత మాత్రమే గాదు. లండనులో కొందఱు వయసు మళ్లిన స్త్రీలు కలిసి బ్రతుకుటకు పూనుకొని, పదునెనిమిదేండ్లు పాటుపడి, 2016 లో 25 ఇండ్లతో ఒక నివాసము నిలుపుకొనిరి. వారికి అన్నేండ్లు పట్టినది; మాకు ఒక మిత్రుని మాట పోవలసివచ్చినది.

పత్రములు రిజిస్టరైన దినమున నా నేస్తము కిరండూలు పాసింజరు రైలు దిగి వచ్చెను. సంచిలో కొంత పసుపు, రాజ్మా గింజలు తెచ్చెను. పత్రమంతయు చదివి వినిపించితిని. శ్రద్ధగా విని, "మంచిదే నేస్తమా. మఱి కూడి తిన్నారా?" అనెను. లేదంటిని, ఆ దినమంతయు కచేరీలోనే గడచినది. "కాగితము పెట్టెలో నుండును. పెట్టెలోనిది ఊరికి తెలియదు" అనెను. ఆ సాయంకాలము వీథివారిని పిలిచి, చాప పఱచి, అందఱమును కలిసి భుజించితిమి. డ్రాయింగు మాస్టారికి ఎడమచేతి ప్రక్కన కూర్చుండి నా నేస్తమే ముద్దలందించెను. ఆనాటి నుండి మా వీథిలో ఎవరును మమ్ము ఏమగుదురని యడుగలేదు.

పెద్దలారా, మీ యూళ్లలోను ఇట్టి మిత్రులుందురు. రచ్చబండమీద కూర్చుండి "కలిసియుందము లే" అని నవ్వుకొనుచుందురు. ఆ నవ్వును నవ్వుగా పోనీయకుడు. వారిని పిలిచి అడుగుడు: ఇల్లెవరిది, వంటెవరిది, జబ్బు చేసిన రాత్రి సంతకమెవరిది? అడిగి, వ్రాయించి, నలుగురి యెదుట భోజనము పెట్టించుడు. పత్రము కచేరీకి సాక్షి; పంక్తి యూరికి సాక్షి. ముదిమికి రెండును కావలెను.

స్వస్తి.